గాంధీ పేరు ఎత్తే ముందు ఆ నలుగురి పేర్లు చెప్పండి

తీహార్ జైల్లో ఉన్న యాసిన్ మాలిక్ గారికి,

నేను మీకు తెలియను. గుంటూరు జిల్లాలో పుట్టి, పౌరహక్కుల సభలు వింటూ పెరిగినవాణ్ణి. కశ్మీర్ మీద తెలుగులో ఏది అచ్చయినా వదలకుండా చదివే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. ఈ ఉత్తరం మీ శిక్ష గురించి కాదు. మీ పేరు చుట్టూ అల్లుతున్న బొమ్మ గురించి.

మీ భార్య చేస్తున్న విజ్ఞప్తుల్లో, విదేశాల్లో మీ అభిమానులు పెట్టే సభల్లో, మీరే కోర్టులకు ఇచ్చిన అఫిడవిట్లలో ఒకే మనిషి కనిపిస్తాడు. 1994లో తుపాకీ దించి గాంధీ దారి పట్టినవాడు. ఢిల్లీ పెద్దలతో కూర్చుని శాంతి మాటలు మాట్లాడినవాడు. ఆ పెద్దలే మాట తప్పి, రాజకీయ కక్షతో జైల్లో తోసినవాడు. 2024 నవంబరులో మీ భార్య రాహుల్ గాంధీకి లేఖ రాసి, మీ విషయం పార్లమెంటులో ఎత్తమని అడిగారు. భర్త కోసం భార్య రాయడంలో తప్పు పట్టను. కానీ ఆ బొమ్మని మిగతా దేశం కూడా కళ్ళకద్దుకోవాలంటే, అందులో కనిపించని మనుషుల సంగతి మాట్లాడుకోవాలి.

ముందు మీ వైపు ఉన్న నిజం చెబుతాను. 1987 ఎన్నికల్లో శ్రీనగర్‌లోని అమీరా కదల్ నియోజకవర్గంలో ముస్లిం యునైటెడ్ ఫ్రంట్ అభ్యర్థి తరఫున మీరు పనిచేశారు. ఓట్ల లెక్కింపులో జరిగిన అక్రమం, ఆ తర్వాత మీ బోటి కుర్రాళ్ళ మీద పడిన లాఠీలు, జైలు, ఇవేవీ కట్టుకథలు కావు. బ్యాలెట్ పెట్టె దగ్గర నిలబడ్డ యువకుల్ని ప్రభుత్వమే తుపాకీ వైపు నెట్టిందన్న మాటలో చాలా నిజం ఉంది. 1990 జనవరి 21న గావ్‌కదల్ వంతెన మీద ఊరేగింపుగా వస్తున్న జనంపై కాల్పులు జరిపి ప్రాణాలు తీసిన సంగతి ఈ దేశం నేటికీ సరిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలి. ఈ మాటలు రాస్తే నన్ను దేశద్రోహి అనేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. అననీండి.

గావ్‌కదల్ జరిగిన నాలుగు రోజులకి, గణతంత్ర దినానికి ముందురోజు, శ్రీనగర్ శివారు రావల్‌పొరాలో వైమానిక దళ ఉద్యోగులు పొద్దున్నే డ్యూటీకి తీసుకెళ్ళే బండి కోసం రోడ్డు పక్కన నిలబడ్డారు. వాళ్ళు పోరాట సైనికులుగా అక్కడ లేరు. ఆఫీసుకి వెళ్ళే మనుషులు. వాళ్ళ మీద కాల్పులు జరిగాయి. స్క్వాడ్రన్ లీడర్ రవి ఖన్నా, కార్పొరల్ డి.బి. సింగ్, కార్పొరల్ ఉదయ్ శంకర్, ఎయిర్‌మన్ ఆజాద్ అహ్మద్ చనిపోయారు. గాయపడినవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. రవి ఖన్నా ఇల్లు అక్కడికి దగ్గరే. ఆయన భార్య మూడు దశాబ్దాలకు పైగా కోర్టు కబురు కోసం ఎదురు చూస్తూ వచ్చారు.

ఆ కేసు ఇంకా తేలలేదు. మీరే కాల్చారని తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, ఆ పని జమ్మూ కోర్టుది. విచారణలో ఒక ప్రత్యక్ష సాక్షి 2024 జనవరిలో మిమ్మల్ని గుర్తుపట్టి చూపించాడన్నది అందరికీ తెలిసిన విషయమే. అయినా అది రుజువయ్యేదాకా మీరు నిందితులే, దోషి కాదు. అందుకే అడిగేది నేరం గురించి కాదు, బాధ్యత గురించి. ఆ రోజుల్లో జమ్మూ కశ్మీర్ లిబరేషన్ ఫ్రంట్ అగ్రనాయకుల్లో మీరొకరు. కుర్రాళ్ళు సరిహద్దు దాటి తుపాకులతో తిరిగొచ్చినప్పుడు ముందు నడిచిన నలుగురైదుగురిలో మీ పేరు ఉంది. ఈ ముప్పై అయిదేళ్ళలో రావల్‌పొరాలో చనిపోయిన ఆ నలుగురి పేర్లు బహిరంగంగా ఎత్తి, వాళ్ళ చావుకి నా ఉద్యమం జవాబుదారీ అని ఒక్కసారైనా అన్నారా? నాకు తెలిసినంతలో లేదు. ఉగ్రవాద నిధుల కేసులో మీకు శిక్ష వేసిన న్యాయమూర్తికీ కనబడలేదు. 1994లో తుపాకీ దించారేమో కానీ, అంతకు ముందు జరిగిన హింసకు మీరు ఏనాడూ విచారం తెలపలేదని ఆయన తీర్పులో రాశారు.

సీబీఐ ఈ కేసులో ఛార్జిషీటు వేసింది 1990లో. కోర్టు అభియోగాలు నమోదు చేసింది 2020 మార్చిలో. మధ్యలో ముప్పై ఏళ్ళు. స్టేలు, కోర్టు మార్పులు, రాజకీయ అవసరాలు ఆ ముప్పై ఏళ్ళనీ మింగేశాయి. మీ వాళ్ళు అడుగుతారు, అన్నాళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు తవ్వుతున్నారని. అడగవలసిన ప్రశ్నే. కానీ అది మీకంటే ముందు అడిగే హక్కు చనిపోయినవాళ్ళ ఇళ్ళకి ఉంది. ప్రభుత్వాలు మీతో చర్చలు జరిపిన ఏళ్ళన్నీ, మీకు పాస్‌పోర్టు ఇచ్చిన ఏళ్ళన్నీ, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ మిమ్మల్ని పిలిచి మాట్లాడిన నాడు కూడా, ఆ ఇళ్ళ తలుపు తట్టి కేసు ఏమైందో చెప్పినవాడు లేడు. ఆ ఆలస్యంలో లాభపడింది మీరు. ఆ ఆలస్యాన్నే మీమీద జరిగిన అన్యాయంగా చూపించడం నాకు మింగుడుపడదు.

రుబయా సయీద్ సంగతి కూడా అంతే. 1989 డిసెంబరు 8న శ్రీనగర్‌లో లాల్ దేద్ ఆసుపత్రిలో పని ముగించుకుని మినీ బస్సులో ఇంటికి వెళ్తున్న యువ డాక్టరుని ఎత్తుకుపోయారు. తండ్రి కేంద్ర హోంమంత్రి కావడమే ఆమె నేరం. అయిదుగురు ఖైదీల్ని విడిపించుకున్నాక డిసెంబరు 13న వదిలారు. ఆమె 2022 జులైలో జమ్మూ కోర్టులో మిమ్మల్ని గుర్తుపట్టారు. ఆ కేసులో సాక్షుల్ని మీరే స్వయంగా ప్రశ్నించాలని, అందుకు కోర్టులో నేరుగా హాజరుపరచాలని జైల్లో నిరాహార దీక్ష చేశారు. ఆ కోరికని నేను సమర్థిస్తాను. తన మీద సాక్ష్యం చెప్పేవాళ్ళని నిందితుడు ఎదురుగా నిలబడి ప్రశ్నించే హక్కు ఎంత పెద్ద కేసులోనైనా ఉండాలి. కానీ దీక్షలో ఉన్న మీ ఫొటో కింద గాంధీ పేరు రాసేవాళ్ళు, ఆ కేసు ఓ ఆడపిల్లని బస్సులోంచి లాక్కుపోయిన కేసు అన్న ఒక్క వాక్యం ఎందుకు రాయరు?

నీల్‌కంఠ్ గంజూ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. 1968లో మక్బూల్ భట్‌కు మరణశిక్ష వేసిన జడ్జి. పదవీ విరమణ చేసి ముసలితనంలో ఉన్న ఆయన్ని 1989 నవంబరు 4న శ్రీనగర్ నడిబజారులో, హరిసింగ్ హైస్ట్రీట్‌లో కాల్చి చంపారు. దాని వెనక మీ సంస్థే ఉందన్న మాట ఆనాటి నుంచీ ఉంది. 1984లో తీహార్‌లో ఉరితీసిన మక్బూల్ భట్‌ని అక్కడే పాతిపెట్టారు, అవశేషాలు అప్పగించమని మీరు ఏళ్ళ తరబడి అడిగారు. న్యాయమైన కోరిక, ప్రభుత్వం అప్పగించి ఉండాల్సింది. అయితే ఉరిశిక్ష వేసిన జడ్జిని చంపేయడం ఏ గాంధీ మార్గమో చెప్పాలి కదా. ఆ హత్యల వరస మొదలయ్యాక కశ్మీరీ పండితులు దాదాపుగా ఆ లోయంతా ఖాళీ చేసి జమ్మూ శిబిరాలకు చేరారు. వాళ్ళు తిరిగి రావాలని మీరు తర్వాత ఎన్నోసార్లు అన్నారు. ఎందుకు వెళ్ళిపోయారో చెప్పేటప్పుడు మాత్రం ఆ మాటలో మీ సంస్థ ఉండదు.

ఇక గాంధీ దగ్గరికి వస్తాను. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది అదే.

1922 మార్చి 18న అహ్మదాబాద్‌లోని సర్క్యూట్ హౌస్‌లో గాంధీ మీద రాజద్రోహం విచారణ జరిగింది. యంగ్ ఇండియాలో రాసిన మూడు వ్యాసాలు అభియోగం. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్. అడ్వొకేట్ జనరల్ లేచి, ఈయన రాతల ఫలితం చూడండి, బొంబాయిలో అల్లర్లు, చౌరీ చౌరాలో పోలీసుల సజీవ దహనం అన్నాడు. ఆ రెండు చోట్లా హింసలో గాంధీ చెయ్యి లేదు. ఆయన ఆదేశం లేదు. ఆ నెపం తోసిపుచ్చడానికి ఆయనకి ఎన్ని దారులున్నాయో ఆలోచించండి. ఒక్క దారీ పట్టలేదు. ఆ రక్తానికి తనకీ సంబంధం లేదని అనలేనని, రాత్రింబవళ్ళు దాన్నే తలచుకుంటున్నానని, తాను నిప్పుతో చెలగాటమాడానని తెలిసే ఆ పని చేశానని కోర్టుకు చెప్పాడు. ఆ తర్వాతే చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష వేయమని అడిగాడు. ఆరేళ్ళు వేశారు.

మీరూ మీ మీది అభియోగాలను ఎదిరించనన్నారు. 2022 మేలో ఉగ్రవాద నిధుల కేసులో మీరు పోరాడనని చెప్పడంతో కోర్టు దోషిగా తేల్చి, మే 25న యావజ్జీవం విధించింది. అంతవరకు రెండు సన్నివేశాలూ ఒకలాగే కనిపిస్తాయి, మీ అనుచరులు ఆ పోలికే ప్రచారం చేశారు. కానీ శిక్ష మీద మాట్లాడమన్నప్పుడు మీరు చెప్పింది ఏమిటి? గత 28 ఏళ్ళలో ఏ హింసలోనైనా నా పాత్ర ఉందని నిఘా సంస్థలు నిరూపిస్తే ఉరికి సిద్ధమన్నారు. తుపాకీ దించాక గాంధీ సూత్రాలే పాటించానన్నారు. ఇంతమంది ప్రధానులతో పనిచేశానన్నారు. అందులో మీ గొప్ప ఉంది, మీ బాధ ఉంది, మీకిచ్చిన మాట తప్పారన్న నిష్ఠూరం ఉంది. చనిపోయినవాళ్ళెవరూ లేరు. గాంధీ తను చేయని హత్యలు నెత్తిన వేసుకున్నాడు. మీరు మీ సంస్థ చేసిన వాటిని 1994 అనే గీతకి అవతల వదిలేశారు. మహాత్ముడి పేరు మీరు వాడుకోలేరని, ఒక్క చౌరీ చౌరా చూసి ఉద్యమం మొత్తం ఆపేసిన మనిషి ఆయన అని న్యాయమూర్తి ప్రవీణ్ సింగ్ ఆ రోజు రాసిందాన్ని నేను ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. ఆ తీర్పులోని అన్ని విషయాల్లోనూ నేను ఆయనతో ఏకీభవిస్తానని కాదు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట తూచి చెప్పినట్టుంది.

ఉద్యమం ఆపేయడం చిన్న విషయం కాదని మా జిల్లా వాళ్ళకి తెలిసినంత మరెవరికీ తెలియదు. 1922 జనవరిలో బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో రైతులు భూమి శిస్తు కట్టేది లేదని భీష్మించారు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన కట్టి ఊరూరా తిరిగాడు. జప్తుకి వచ్చిన అధికారులకి పశువుల్ని తోలుకెళ్ళడానికి మనిషి దొరకలేదు, వేలంలో సరుకు కొనే నాథుడు లేడు. రూథర్‌ఫర్డ్ అనే కలెక్టరుని పంపారు, సైన్యాన్ని ఊళ్ళ మీదుగా నడిపించారు. అయినా రైతు లొంగలేదు. గెలుపు కళ్ళ ముందు కనబడుతున్న సమయంలో, ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లాలో జరిగిన హత్యలకి ఫిబ్రవరిలో గాంధీ దేశమంతటా ఆపమన్నాడు. మావాళ్ళు మా ఊళ్ళలో ఒక పోలీసుని చేయెత్తి కొట్టలేదు. అయినా ఆపారు. శిస్తు కట్టారు. పంతం పట్టిన రైతు, పోగొట్టుకున్న పరువుతో కచేరీ మెట్లెక్కి డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం అంటే ఏమిటో ఊహించండి. గాంధీ మార్గం అన్నాక దాని ఖరీదు ఆ మెట్ల మీద కట్టినవాళ్ళున్నారు. ఊరికే ఆ పేరు చెప్పుకునేవాళ్ళని చూస్తే అందుకే మాకు మనసు కష్టపడుతుంది.

మీరు ఏ ఒక్క హత్యకైనా ఏ ఒక్క హర్తాళ్‌నైనా ఆపారా? 2016లో మిలిటెంట్ బుర్హాన్ వానీ చనిపోయాక లోయలో నెలల తరబడి సాగిన అల్లర్లలో బళ్ళు తగలబడ్డాయి. రాత్రికి రాత్రి తరగతి గదులు బూడిదయ్యాయి. మిగతా వేర్పాటువాద నాయకులతో కలిసి వారం వారం నిరసన కేలండర్లు విడుదల చేసిన చేతుల్లో మీదీ ఒకటి. పెల్లెట్లతో పిల్లల కళ్ళు పోగొట్టిన బలగాలను ఖండించారు, సరే, ఖండించాలి. బడి తగలబెట్టినవాడిని చూసి ఇక చాలు, నేను ఈ పోరాటం ఆపుతున్నాను అని కేలండరు చింపేయవచ్చు కదా. అది చేసినవాణ్ణి గాంధీ అనుచరుడు అంటే నేనూ చేతులెత్తి నమస్కరించేవాణ్ణి.

ఇంకో సంగతి. 2013 ఫిబ్రవరిలో పార్లమెంటు దాడి కేసులో అఫ్జల్ గురుని ఉరితీసినప్పుడు మీరు ఇస్లామాబాద్‌లో ఒకరోజు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఉరిని నిరసించడం మీ హక్కు. ఆ దీక్ష వేదిక మీద మీ పక్కన లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్ కూర్చున్నాడు. 2008 నవంబరులో ముంబయిలో 166 మందిని పొట్టన పెట్టుకున్న దాడి జరిగి అప్పటికి అయిదేళ్ళు కూడా కాలేదు. పిలవకుండానే వచ్చాడనుకుందాం. మీరు లేచి వెళ్ళిపోవచ్చు. 2006లో పాకిస్థాన్‌లో అతన్ని కలిసింది భారత నిఘా అధికారి కోరితేనేనని, తిరిగొచ్చాక మన్మోహన్ సింగ్ కృతజ్ఞతలు చెప్పారని 2025లో ఢిల్లీ హైకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పేర్కొన్నారు. అది నిజమే అయితే ప్రభుత్వం జవాబు చెప్పాలి, తప్పించుకోకూడదు. 2013లో ఆ వేదిక మీద కూర్చోమని మాత్రం ఏ అధికారీ పంపలేదు.

మా తెలుగునాట ఈ చర్చ కొత్త కాదు. రాజ్యం చేసే హత్యల్ని ప్రశ్నించినవాళ్ళు ఉద్యమాలు చేసే హత్యల గురించి ఏమనాలన్న ప్రశ్న మా పౌరహక్కుల సంఘాన్ని ఏళ్ళ తరబడి మథించింది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతి ఊరికీ వెళ్ళిన బాలగోపాల్, పోలీసుల చేతుల్లో దెబ్బలు తిన్న బాలగోపాల్, నక్సలైట్ల హింసను కూడా హక్కుల దృష్టితో తూచాలన్నాడు. ఆ పట్టింపు మీద పాత సంఘం వదిలి 1998లో మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశాడు. సొంత మనుషులే తప్పుపట్టారు. ఆయన మీ లోయకి కూడా పలుమార్లు వచ్చి, సైన్యం చేసిన దారుణాలు తెలుగువాళ్ళకి రాసి చెప్పాడు. ఆ రాతల వల్లే నాలాంటివాళ్ళకి కశ్మీరీ తల్లి దుఃఖం తెలిసింది. ఒకవైపు శవాల్నే లెక్కపెట్టే అలవాటు ఆయన మాకు నేర్పలేదు. మీకు మద్దతుగా సంతకాలు పెట్టే ఢిల్లీ, లండన్ మేధావులకి కూడా నా విన్నపం ఇదే. గావ్‌కదల్ గురించి రాసిన పేజీలోనే రావల్‌పొరా గురించి రాయండి.

ఎన్ఐఏ మీకు ఉరిశిక్ష కావాలని 2023లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఖైదీలైన భూమయ్యనీ కిష్టాగౌడ్‌నీ ఉరితీసిన నాటి గాయం తెలుగునేల మీద ఇంకా మానలేదు. దేశమంతా వద్దని మొత్తుకున్నా వినలేదు. ఆ ఇద్దరూ హంతకులా కాదా అన్న వాదన అవతల పెట్టి, ప్రాణం తీసే అధికారం రాజ్యానికి వద్దని అప్పట్లో సంతకాలు పెట్టినవాళ్ళ వారసులం మేం. మీ విషయంలోనూ మాట మారదు. మీకు సరైన వైద్యం అందాలి. కోర్టులో మీ మాట మీరు చెప్పుకోవాలి. మీ కూతురు మిమ్మల్ని చూడగలగాలి.

ఆ ఉరి ఆపమని ఎవరైనా కాగితం తెస్తే అడ్రసుతో సహా సంతకం పెట్టి ఇస్తాను. మిమ్మల్ని గాంధేయవాదిగా, రాజకీయ ఖైదీగా ప్రకటించమనే కాగితం మీద పెట్టను. రవి ఖన్నా, డి.బి. సింగ్, ఉదయ్ శంకర్, ఆజాద్ అహ్మద్ పేర్లు మీ చేతి రాతతో అందులో చేరిననాడు, నీల్‌కంఠ్ గంజూ ఇంటివాళ్ళకి మీరు ఒక ఉత్తరం రాసిననాడు, ఆ కాగితం మళ్ళీ నా దగ్గరికి పంపించండి. కూర్చుని మొదటి అక్షరం నుంచి చదువుతాను.